ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గరున్నాయి, ఇంకోచోట ఆఫర్ వచ్చింది. ఏం చేయమంటారు?

నర్సంపేట కెమిస్ట్:

నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. 2024లో కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ పూర్తిచేసి, ఉప్పల్ వైపు ఒక కాంట్రాక్ట్ రీసెర్చ్ ల్యాబ్‌లో ట్రైనీ కెమిస్ట్‌గా చేరాను. ఏడాదిన్నర అయింది. సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి నామీద పెట్టే మొత్తం ఖర్చు 2 లక్షల 40 వేలు, నెలకు చేతికొచ్చేది 16,260. హాస్టల్‌కు 6,500 కట్టి, ఇంటికి 4,000 పంపిస్తున్నాను. నాన్న పత్తి రైతు. ఈసారి వానలకు సగం పత్తి చేనులోనే నల్లబడింది, అందుకే పంపడం ఆపలేను.

పొద్దున ఎనిమిదిన్నరకు ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిరిని బయటికి లాగే పెట్టె) ముందు నిలబడితే సాయంత్రం ఆరు. క్లయింట్‌తో మీటింగ్ ఉన్న వారం రాత్రి తొమ్మిది. ఆదివారం ఒక్కటే సెలవు. నా పని ఎక్కువగా కాలమ్స్, అంటే గాజు గొట్టంలో రసాయనాలను విడదీయడం. సిలికా పొడి నింపి, డీసీఎం (డైక్లోరోమీథేన్ అనే సాల్వెంట్) పోస్తూ విడిపోయి దిగే ఒక్కో ఫ్రాక్షన్ పట్టాలి. మాకిచ్చే గ్లోవ్స్ పల్చటి నీలం రంగువి. డీసీఎం చుక్క పడితే ముందు వేలు చల్లబడుతుంది, కాసేపటికి గ్లోవ్ లోపల మంట మొదలవుతుంది. సాయంత్రానికి తల బరువెక్కి హాస్టల్‌లో అన్నం కూడా సయించదు. టీమ్ లీడ్‌కు చెబితే "మొదట్లో అందరికీ అంతే, అలవాటవుతుంది" అన్నారు.

ఇప్పుడు ఇంకో కంపెనీలో క్యూసీ, అంటే నాణ్యత పరీక్షల ఉద్యోగం వచ్చింది. సీటీసీ 3 లక్షలు, షిఫ్టులు ఉంటాయి. చేరే రోజు ఒరిజినల్స్ చూపించాలట. కానీ ఇక్కడ చేరినప్పుడు వెరిఫికేషన్ అని తీసుకున్న నా డిగ్రీ, పీజీ మెమోలు ఇంకా హెచ్‌ఆర్ దగ్గరే ఉన్నాయి. రసీదు ఇవ్వలేదు. రెండేళ్లు నిండకుండా మానేస్తే రెండు నెలల జీతం కట్టాలని ఆఫర్ లెటర్‌లో ఉంది. పోయాయని చెప్పి యూనివర్సిటీలో డూప్లికేట్ తీసుకో అని ఫ్రెండ్ అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అసలు క్యూసీకి మారడం మంచిదేనా?

హన్మకొండ అన్న:

చెల్లె, నేను పదకొండేళ్లు క్యూసీలో చేసి వచ్చినవాణ్ణి. ముందు ఒక మాట. పోయాయని మాత్రం రాయకు. అఫిడవిట్‌లో అబద్ధం రాసినట్టవుతుంది, రేపు అదే నీ మెడకు చుట్టుకుంటుంది. సర్టిఫికెట్లు నీవి. బాండ్ గొడవ వేరు, మెమోలు దాచుకోవడం వేరు. బాకీ ఉందని వాటిని పట్టుకునే హక్కు వాళ్లకు లేదు. ఫోన్‌లో అడగడం మానేసి మెయిల్ పెట్టు. ఫలానా తేదీన ఫలానా మెమోలు వెరిఫికేషన్‌కు ఇచ్చాను, ఏడు రోజుల్లో తిరిగి ఇవ్వండి అని నాలుగు లైన్లు చాలు. రిజైన్ మాట అందులో ఎత్తకు. ఆ మెయిల్ కాపీ నీ సొంత ఐడీకి పంపుకో. అప్పటికీ కదలకపోతే లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు. నాకు తెలిసిన ఇద్దరికి మెయిల్‌తోనే పని అయింది.

ఇక ఆఫర్. 3 లక్షలంటే నెలకు 25 వేలు అనుకోకు. బేసిక్ 12,500 పెడితే కంపెనీ వాటా పీఎఫ్ 1,500, గ్రాట్యుటీ 601 సీటీసీలోనే కలిపేస్తారు. గ్రాస్ 22,899 మిగులుతుంది. అందులో నీ పీఎఫ్ 1,500, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 21,199. ఆ గ్రాట్యుటీ కూడా రెగ్యులర్ ఉద్యోగికి ఐదేళ్లు నిండితేనే.

చాలామంది చూసుకోనిది ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగులకు ఉండే ప్రభుత్వ వైద్య బీమా. దానికి లెక్కేసే నెల జీతం 21,000 దాటితే అది ఉండదు, నీ కొత్త జీతం ఎలా లెక్కేస్తారో అడుగు. ఇప్పుడు నీమీద ఆధారపడ్డ అమ్మానాన్నలకు కూడా దాంట్లో వైద్యం దొరుకుతుంది. కొత్త కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులను చేరుస్తారో లేదో సంతకం పెట్టేముందే అడుగు. చేర్చకపోతే పెరిగిన ఐదు వేలలో కొంత పాలసీకే పోతుంది.

క్యూసీ సుఖం అని చెప్పను. హెచ్‌పీఎల్‌సీ (నమూనాలో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే మిషన్) మీద ఒక్కో ఇంజెక్షన్‌కు ముప్పై ఐదు నిమిషాల రన్, అలాంటివి వరుసగా నలభై అంటే ఇరవై మూడు గంటలు దాటుతుంది. రాత్రి రెండింటికి హెచ్‌పీఎల్‌సీ ప్రెషర్ పెరిగి పంపు ఆగితే సీక్వెన్స్ మళ్లీ మొదటికి. రిజల్ట్ లిమిట్ దాటితే విచారణ నీ పేరుమీదే మొదలవుతుంది. పొద్దున బస్సు వెళ్లిపోయినా నువ్వు రిపోర్ట్ రాస్తూనే ఉంటావు. అయినా ఒక్క ఆడిట్ సరిగ్గా చూసిన క్యూసీ మనిషికి మార్కెట్‌లో విలువ ఉంటుంది. నేనైతే మారేవాణ్ణి.

షిఫ్ట్ బి:

అక్కా, నేను ప్రొడక్షన్‌లో ఉన్నా, పాశమైలారం దగ్గర రూమ్. 2025 జూన్ 30న ఇక్కడి ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా పోయారు. అప్పటినుంచి మా అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసి షిఫ్ట్ దిగావా అని అడుగుతుంది. గ్లోవ్స్ విషయం చిన్నది అనుకోవద్దు. డీసీఎం ఆ నీలం నైట్రైల్ గ్లోవ్‌ను నిమిషాల్లోనే దాటేస్తుంది. దానికి లామినేట్ గ్లోవ్స్ వేరే ఉంటాయి, వాటి మీద నైట్రైల్ వేసుకుంటే పట్టు దొరుకుతుంది. డీసీఎం 40 డిగ్రీలకే మరుగుతుంది, మన వరంగల్ మే ఎండంత వేడి చాలు. ఒంట్లోకి వెళ్లింది కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. తల బరువు అలవాటయ్యేది కాదు. హుడ్ గాలి లాగుతోందో లేదో టిష్యూ పేపర్ పట్టి చూడు, లోపలికి వంగకపోతే మెయింటెనెన్స్‌కు రాసి ఇవ్వు.

తార్నాక స్కాలర్:

మారినా మారకపోయినా సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష వదలకు చెల్లీ. అందులో వచ్చే జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకు 37,000, దాని మీద హెచ్‌ఆర్‌ఏ. రెండేళ్ల తర్వాత దాని పై మెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. నేనూ ల్యాబ్‌లో పనిచేస్తూనే మూడోసారి రాసి తెచ్చుకున్నా. పార్ట్ సీలో అరవై ప్రశ్నల్లో ఇరవై ఐదు రాస్తే చాలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు. రోజూ చేసే రియాక్షన్ల మెకానిజం అక్కడే పనికొస్తుంది. ఇంకోటి, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు అర్హులు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు కాదు, దాని కోచింగ్‌కు డబ్బులు పెట్టకు.

నర్సంపేట కెమిస్ట్:

అన్నా, మెయిల్ పెట్టాను. రెండు రోజులు జవాబు లేదు, మూడో రోజు హెచ్‌ఆర్ పిలిచి ఎందుకు అడుగుతున్నావన్నారు. నెట్ అప్లికేషన్‌కు కావాలి, నా దగ్గరే ఉంచుకుంటానన్నాను. నెట్‌కు నిజంగానే అప్లై చేస్తున్నాను. నిన్న సాయంత్రం మెమోలు చేతికొచ్చాయి. సంతకం పెట్టేముందు ఒక్కొక్కటి తిప్పి చూసుకున్నాను, పీజీ మెమో మూల మడతపడింది.

కొత్త కంపెనీని ఇన్సూరెన్స్ అడిగితే తల్లిదండ్రులకు లేదన్నారు. చేరే తేదీ 20. హుడ్‌కు టిష్యూ పట్టాను తమ్ముడూ, కదలలేదు. ఫోటో తీసి మెయింటెనెన్స్‌కు రాసిచ్చాను, పక్క హుడ్‌లో చేసే అమ్మాయి కూడా సంతకం పెట్టింది. శనివారం సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డులో బస్సెక్కి ఇంటికి వెళ్తున్నాను. నాన్నకు 21,199, 16,260 రెండూ కాగితం మీద రాసి చూపించి, ఈఎస్‌ఐ సంగతి కూడా చెబుతాను.