షుగర్ వచ్చాక శనివారం ఒక్కపొద్దు ఉండాలా, మానాలా?

కొర్లగుంట అక్క:
మాది తిరుపతి. పెళ్ళయినప్పటి నుంచి, అంటే పద్దెనిమిదేళ్ళుగా శనివారం ఒక్కపొద్దు ఉంటున్నాను. పొద్దున కాఫీ కూడా ముట్టను, సాయంత్రం దీపం పెట్టాకే టిఫిను. మూడేళ్ళ కింద షుగర్ వచ్చింది, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నా. పోయిన శనివారం ఖాళీ కడుపున మాత్ర వేసేసుకుని పనిలో పడ్డాను. పదకొండింటికి పూలు కడుతుంటే దారం ముడి పడట్లేదు, చేతులు ఒకటే వణుకు, జాకెట్టంతా చెమట. పాప మిషన్ పెట్టి చూస్తే షుగర్ 58! చక్కెర నీళ్ళు తాగించింది. నవ్వకండి, అవి తాగుతూ కూడా ‘అయ్యో, ఒక్కపొద్దు చెడిపోయిందే’ అనే నా బాధ. డాక్టరమ్మ ఉపవాసాలు వద్దంటోంది, మా అత్త ‘మొక్కు మొక్కే’ అంటోంది. శనివారాలు స్వామికి ప్రత్యేకమైన పెరటాసి నెల దగ్గర పడుతోంది. టెన్షన్‌గా ఉంది.

మందుల షాపు తమ్ముడు:
అక్కా, ఆ గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటుంది, అందుకే పడిపోయింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇంత భయం ఉండదు. 70 కిందికి దిగితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడాలి. శనివారం కదా అని మాత్ర మీ అంతట మీరు మానేయొద్దు, పెరటాసి రాకముందే డాక్టరమ్మతో మాట్లాడండి.

చేదు కాకర:
పగలంతా కడుపు ఎండగట్టి రాత్రికి ఆరు ఇడ్లీ, రెండు వడ, పైన కేసరి. మా ఇంట్లో జరిగేదే చెప్తున్నా. ఇది ఉపవాసమా, ఆకలికి వడ్డీతో సహా కట్టడమా?

రిటైర్డ్ మాస్టారు, చిత్తూరు:
అమ్మా, గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడే చెప్పాడు, అతిగా తినేవాడికీ బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని. మనవాళ్ళకు మొదటి సగమే గుర్తుంటుంది. పదిహేనో అధ్యాయంలో ఇంకా దగ్గరికొచ్చాడు, ప్రాణుల ఒంట్లో వైశ్వానరాగ్నిగా ఉండి అన్నం అరిగించేది నేనే అన్నాడు. అంటే లోపల పొయ్యి దగ్గర కూర్చున్నదీ ఆయనే, మీరు నైవేద్యం పెట్టకుండా ఎండగడుతున్నదీ ఆయన్నే. ఏడుకొండలవాడికి కూడా రోజూ ఓట్లో, అంటే పగిలిన మట్టికుండలో, పెరుగన్నం ఆరగింపు ఉంది, గర్భగుడి గడప కులశేఖరపడి దాటి లోపలికి వెళ్ళేది అదేనంటారు. కొండ మీద 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతోంది, శనివారమని ఎవరినైనా విస్తరి ముందు నుంచి లేపుతున్నారా?

పాకాల రైతు:
మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది కానీ అక్క మొక్కును అంత తేలిగ్గా తీసేయకండి. శనివారం ఏదో ఒకటి వదలకపోతే ఆమెకు శనివారంలా ఉండదు. మా అమ్మకూ ఇదే తంటా వచ్చింది. ఆమె రాగి సంగటి కెలికి దించాక తెడ్డు మీది గోరంత ముద్ద పొయ్యిగట్టున పెట్టి ‘గోవిందా’ అనేది, అంతవరకు మేం చెంబు ముట్టుకున్నా తిట్టేది. షుగర్ వచ్చాక పూట మానలేదు, ముద్దను సగం చేసి ఆకుకూరల పులగూర రెండింతలు వేసుకునేది. శనివారాలు కాఫీ, నూనెలో వేయించినవి వదిలేసింది, అదే ఆమె ఒక్కపొద్దు. ఇంకోటి, రాగి కదా అని పెద్ద ముద్ద లాగిస్తే షుగర్ ఎక్కదనుకోకండి, ఎక్కుతుంది. పలచటి జావ అయితే ఇంకా తొందరగా.

కొర్లగుంట అక్క:
అందరికీ థ్యాంక్స్. డాక్టరమ్మను అడిగి వచ్చా, మాత్ర మార్చింది, అయినా మూడు పూటలా తినే తీరాలంది. నిన్న ఎనిమిదింటికి తులసాకు వేసి స్వామి ముందు చిన్న ముద్ద పెట్టి, అదే తిన్నా. మొదటి కబళం గొంతులో కొంచెం అడ్డం పడింది, అబద్ధం ఎందుకు. మా అత్త మూతి ఇంకా ముడుచుకునే ఉంది. సాయంత్రం పక్కింటి నుంచి బజ్జీలు వచ్చాయి, ముట్టలేదు, ఖాళీ కడుపుతో ఉండటమే సులువనిపించింది. పాకాల అన్నా, పులగూరలోకి మీ అమ్మ ఏమేం ఆకులు వేసేది?