వారాసిగూడ నుంచి నార్సింగికి మారాం, అమ్మకు తోచడం లేదు

హైదరాబాద్‌లోని వారాసిగూడ బస్తీలో రెండు గదుల అద్దిల్లు మాది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, అందుకే ఎవరి మోటారు కాలిపోయినా పక్కింటి పైపు గోడ మీదుగా వచ్చేసేది, దాంతోపాటే గిన్నెలో పచ్చిపులుసు కూడా. ఇప్పుడు నార్సింగిలో గేటెడ్ కమ్యూనిటీ, పూల్, జిమ్ అన్నీ ఉన్నాయి. అమ్మ మాత్రం బాల్కనీలోనే కూర్చుంటోంది. ఎదురు ఫ్లాట్ వాళ్ల పేరైనా తెలీదు. మీకూ ఇంతేనా?

జవాబు 1: బస్తీని మరీ ఆకాశానికెత్తకు తమ్ముడూ. బిందె దగ్గర జుట్లు పట్టుకున్న రోజులు నేను చూశా, జీతం రాకపోతే వాడకట్టంతా తెలిసిపోయేది. అవసరం కలిపింది, నిజమే, కానీ ఆ అవసరం మళ్లీ ఎవరికీ రావద్దు.

జవాబు 2: అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు 1938 నుంచి కొందరి జీవితాలను గమనిస్తూ వస్తున్నారు, ముసలితనంలో ఆరోగ్యంగా ఉండటానికి డబ్బు కంటే దగ్గరి మనుషులే ముఖ్యమని తేల్చారు. సాయంత్రం అయిదింటికి అమ్మను కింద పార్కులో కూర్చోబెట్టు, బతుకమ్మ నాటికి గుంపు తయారవుతుంది.

జవాబు 3: మా దగ్గర పనివాళ్లకు వేరే లిఫ్ట్ పెట్టారు. మా ఇంట్లో వంట చేసే అక్క మోకాళ్ల నొప్పులతో దాని కోసం ఎంతసేపు నిలబడుతుందో చూస్తే కడుపు రగిలిపోతుంది. వచ్చే మీటింగులో అడుగుతా, మీ దగ్గరా ఉంటే మీరూ అడగండి.