ఒరిగిన కొబ్బరి చెట్టు, టాన్‌తో ఎత్తు లెక్కేస్తే మైనస్ వస్తంది, ఎవరైనా చెప్పండి

ఉద్దానం కుర్రోడు:
మాది కవిటి దగ్గర. 2018లో తిత్లీ తుఫానుకి తోటలో చాలా చెట్లు పోయాయి, మిగిలినవాటిలో ఒకటి ఇంటివైపు ఒరిగిపోయి అలాగే ఉండిపోయింది, ఇప్పుడు దాన్ని మొదలుకంటా కొట్టించేద్దామని నాన్న అంటన్నారు. మొదలు నుంచి ఇంటి గోడకి 45 అడుగులు. పడితే గోడకి తగులుద్దా లేదా అని నా డౌటు. చెట్టుకి ఇల్లు లేని వైపు, మొదలుకి 30 అడుగుల దూరంలో నిలబడి ఫోన్ యాప్‌తో మొవ్వుకి గురిపెడితే 50 డిగ్రీలు చూపించింది. కాలిక్యులేటర్లో టాన్ 50 కొట్టి 30తో గుణిస్తే మైనస్ 8 వచ్చింది, అంటే చెట్టు భూమిలోకి పెరిగిందా ఏటి 😀 పోనీ సైన్ వాడాలా?

బొబ్బిలి మాస్టారు:
బాబూ, నీ కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంది, డిగ్రీల్లోకి మార్చు. మా పిల్లలు కూడా ఏటా ఇదే చేస్తారు. టాన్ 50 అంటే 1.19. సైన్ వద్దు, సైన్‌కి కర్ణం కావాలి, ఇక్కడ కర్ణం అంటే నీ కంటి నుంచి మొవ్వు దాకా గాల్లో పోయే గీత, దానికి టేపు ఎలా పడతావు? నీ దగ్గరున్నది నేలమీది దూరం, అంటే ఆసన్న భుజం, కావలసింది ఎదుటి భుజం, కాబట్టి టానే. 30 ఇంటూ 1.19, దగ్గరదగ్గర 36, నీ కంటి ఎత్తు ఓ 5 అడుగులు కలుపు. 41. గోడకి తగలదు.

సైట్ ఇంజనీరు, విజయనగరం:
మాస్టారూ ఆగండి, చెట్టు ఒరిగి ఉందంటన్నాడు కదా. లంబకోణం మొదలు దగ్గర లేదు, మొవ్వుకి సరిగ్గా కింద నేలమీద ఉంది. తమ్ముడూ, 30 కాదు, అక్కడిదాకా కొలవాలి. గాలి లేనప్పుడు కాయ రాలి పడ్డ చోటు చూడు, అదే.

ఉద్దానం కుర్రోడు:
ఇప్పుడే కొలిచొచ్చాను అన్నా, మొదలు నుంచి ఇంటివైపు 9 అడుగులు.

సైట్ ఇంజనీరు, విజయనగరం:
అయితే దూరం 39. 1.19తో గుణిస్తే 46న్నర, కన్ను 5 కలిపితే 51న్నర. ఇది నిలువు ఎత్తే, పడేది మాను పొడవు కాబట్టి పైథాగరస్ వేస్తే, 51న్నర వర్గం, 9 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 52 పైన. మట్టలు అదనం. పైగా ఫోన్ ఒక్క డిగ్రీ తప్పు చూపిస్తే అడుగున్నర పైనే తేడా. గోడ 45లోనే ఉంది, మొదలుకంటా కొట్టించొద్దు.

బొబ్బిలి మాస్టారు:
నిజమే, ఒరుగు సంగతి నేను గమనించలేదు. 41 కొట్టేయ్ బాబూ.

ఉద్దానం కుర్రోడు:
నాన్నకి చెప్తే "ఇంటివైపు ఒరిగింది ఇంటిమీదే పడుద్ది, దానికి ఇంత లెక్కా" అన్నారు 😀 చెట్టెక్కే ఆయన్ని పిలిచాం, పైనుంచి ముక్కలుముక్కలుగా కోసి తాడుతో దించుతానన్నాడు.