సైకిల్ గుద్ది కారు డోరు సొట్టపోయింది, డబ్బులు ఎవర్ని అడగాలి? (గుంటూరు)

బ్రాడీపేట వాసి:
అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం సాయంత్రం ఇంటి ముందు ఆపి ఉన్న నా బాలెనోని ఒక కుర్రాడు సైకిల్‌తో గుద్దాడు. కుడివైపు రెండు డోర్లూ గీరుకుపోయాయి. ముందు డోరుకి అరచెయ్యంత సొట్ట. సైడు అద్దం కవరు పగిలి గ్లాసు ఊడి కిందపడింది. పిల్లాడికి పదిహేనేళ్లుంటాయి, టెన్త్ రాసి సమ్మర్ కోచింగ్‌కి పోతున్నాడట. వాడికి మోచెయ్యి కాస్త దోక్కుపోయింది, అంతకుమించి ఏం కాలేదు.

షోరూంలో 11,400 ఎస్టిమేషన్ ఇచ్చారు. రెండు డోర్ల డెంటింగ్, పెయింటింగ్ 6,800, మిర్రర్ 4,600. వాళ్ల నాన్న మిర్చి యార్డులో ముఠా పని (బస్తాలు మోసే కూలి) చేస్తాడు. వచ్చి చూసి "యార్డుకి సెలవులండీ, తెరిచాక ఏదో ఒకటి చేద్దాం" అని వెళ్లిపోయాడు. డబ్బు తెచ్చేదాకా సైకిల్ నా దగ్గరే ఉంటుందని చెప్పి లోపల పెట్టించాను. సీసీ కెమెరా వీడియో కింద పెడుతున్నా, చూడండి. సైకిల్‌కి ఇన్సూరెన్సు ఉండదు కదా, మరి నా డబ్బు ఎలా వస్తుంది? పోలీసు కంప్లయింటా, నా ఇన్సూరెన్సా?

అడ్మిన్:
వీడియో తీసేశాను, ఏమీ అనుకోకండి. పిల్లాడి మొహం స్పష్టంగా కనబడుతోంది, ఇక్కడ మూడువేల మంది ఉన్నారు. మీరు మాత్రం ఇవాళే ఫోన్‌లోకి కాపీ చేసుకోండి. ఇంటి కెమెరాలు కొన్నాళ్లకి పాతదాని మీద కొత్తది ఎక్కించేస్తాయి.

కొత్తపేట మేడమ్:
కూలి మనిషి ఇంట్లో సైకిల్ లాక్కుని మరీ అడగాలా అండీ?

బ్రాడీపేట వాసి:
అలా అంటే ఎలాగండీ. నేను కడుతున్నదీ ఈఎంఐలే. తప్పు నాది కాదు కదా.

అరండల్‌పేట లాయరు:
ముందు సైకిల్ ఇచ్చేయండి. ఇవాళే. ఇది జాలి మాట కాదు, మీ మంచికే చెబుతున్నా. బాకీ కింద వస్తువు జప్తు చేసే అధికారం కోర్టుది, మనది కాదు. ఆ తండ్రి స్టేషన్‌కి వెళ్లి "నా కొడుకు సైకిల్ బలవంతంగా పట్టుకున్నారు, డబ్బిస్తేనే ఇస్తామంటున్నారు" అని రాసిస్తే, మీరు ఫిర్యాదీ కావాల్సింది పోయి జవాబు చెప్పుకునేవాళ్లు అవుతారు.

ఇక పోలీసు సంగతి. నిర్లక్ష్యంగా బండి నడపడం భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్, పాత ఐపీసీలో 279. అది సైకిల్‌కీ వర్తిస్తుంది. అయితే మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చేంత, లేదా ఎవరికైనా దెబ్బ తగిలేంత నిర్లక్ష్యం ఉండాలి. ఆపి ఉన్న కారు డోరుకి సొట్ట దానికిందికి రావడం కష్టం. ఆస్తి పాడుచేయడం 324. దానికి కావాలని చేసి ఉండాలి, లేదా పాడవుతుందని తెలిసి చేసి ఉండాలి. అదుపు తప్పి గుద్దిన పిల్లాడికి అది అతకదు. ఎస్సైగారు ఇద్దరినీ పిలిపించి మాట్లాడి పంపిస్తారేమో గానీ, మీకు ఇంత ఇవ్వాలి అని తేల్చే అధికారం ఆయనకి లేదు.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ జోలికి వెళ్లకండి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సైకిల్ మోటారు వాహనమే కాదు, అందుకే దానికి తప్పనిసరి ఇన్సూరెన్సు లేదు. మీ కారు నడవడం వల్ల జరిగిన ప్రమాదం కూడా కాదిది. మిగిలింది సివిల్ దావా. మూడేళ్లలోపు వెయ్యొచ్చు. నిర్లక్ష్యం మీరే రుజువు చెయ్యాలి. పిల్లాడి మీద గార్డియన్ ద్వారా వెయ్యాలి. కొడుకు చేసిన తప్పుకి తండ్రి తనంతట తానే బాధ్యుడు కాడు, తండ్రిది కూడా వేరే నిర్లక్ష్యం ఉందని చూపించాలి. నా ఫీజు చెబితే మీకు సొట్టే చవకగా కనిపిస్తుంది. గెలిచినా ఆస్తిలేని పిల్లాడి మీద డిక్రీ, గోడకి తగిలించుకోవాలంతే.

ఒక్క ప్రశ్న. కారు సరిగ్గా ఎక్కడ ఆపారు?

బ్రాడీపేట వాసి:
సైకిల్ సాయంత్రమే ఇచ్చేశానండీ. కారు ఎప్పటిలాగే. రెండు చక్రాలు కాలవ మీద పలకల మీద, రెండు రోడ్డు మీద. ఆ రోజు ఎదురింటివాళ్లు ఇటుకల లోడు దించారు, దారి కాస్త ఇరుకైంది.

అరండల్‌పేట లాయరు:
అదీ సంగతి. ఎదుటివైపు లాయరు మొదట పట్టుకునేది ఆ రెండు చక్రాలనే. నష్టంలో మీ వంతు నిర్లక్ష్యం ఎంతని తేల్చి అంత మేరకి తగ్గిస్తారు. మొత్తం 11,400 కోసం గట్టిగా నిలబడే కేసు కాదు మీది.

పటమట, రిటైర్డ్ సర్వేయరు:
నేను ముప్పై ఏళ్లు మోటారు సర్వేలు చేశాను. మీది ఫుల్ ఇన్సూరెన్సా, థర్డ్ పార్టీ ఒక్కటేనా? థర్డ్ పార్టీ మాత్రమే అయితే ఆ దారి మూసుకున్నట్టే, అది మీ బండికి పైసా ఇవ్వదు. ఫుల్ అయితే జీరో డెప్ (పార్టుల అరుగుదల కింద కోత వెయ్యని కవరు) ఉందా? ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో తగ్గించే బోనస్, ఎంత? బోనస్ తియ్యకముందు ఓన్ డ్యామేజ్ (మీ సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియం ఎంత? పాలసీ మొదటి పేజీలోనే ఉంటాయి.

బ్రాడీపేట వాసి:
ఫుల్ అండీ. జీరో డెప్ లేదు. ఎన్‌సీబీ 35 శాతం. ఓన్ డ్యామేజ్ దగ్గర దగ్గర 8,000.

పటమట, రిటైర్డ్ సర్వేయరు:
అయితే కాగితం పెన్ను తీసుకోండి.

ముందు మీకు వచ్చేది. మిర్రర్ 4,600. ప్లాస్టిక్ భాగాల మీద అరుగుదల కింద సగం కోత. గ్లాసుకి కోత లేదు గానీ షోరూం మొత్తం ఒకే పార్టుగా బిల్లు వేస్తుంది కాబట్టి 2,300 పోయిందనుకోండి. పెయింటింగ్ బిల్లు కలిపి ఇస్తే అందులో 25 శాతం మెటీరియల్ కింద లెక్క, దానిమీద సగం కోస్తారు. 6,800లో 1,700 మెటీరియల్, కోత 850. కంపల్సరీ ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సింది, 1500 సీసీ లోపు కారుకి 1,000. అన్నీ పోను మీ చేతికి 7,250.

ఇప్పుడు మీరు పోగొట్టుకునేది. క్లెయిమ్ లేకపోతే బోనస్ మెట్లు 20, 25, 35, 45, 50. మీరు 35లో ఉన్నారు, వచ్చే రెన్యువల్‌కి 45 రావాలి. క్లెయిమ్ చేస్తే సున్నా. అంటే మొదటి ఏడాదే 3,600 ఎక్కువ కడతారు. రెండో ఏడాది 50 రావాల్సినచోట 20, అక్కడ 2,400. తర్వాత 25తో 2,000, 35తో 1,200, 45తో 400. మొత్తం 9,600, జీఎస్టీ కలపకుండానే. బండి పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది ఇంతకన్నా కొంచెం తక్కువే. అయినా 7,250 కోసం ఈ బోనస్ వదులుకోవడం తెలివైన పని కాదు. అందరూ "ఇన్సూరెన్సు ఉందిగా, వాడుకో" అంటారు, ఈ లెక్క ఎవరూ వెయ్యరు.

ఒకవేళ క్లెయిమే అనుకుంటే రిపేరుకి ముందే కంపెనీకి చెప్పాలి, బాగుచేయించాక సర్వేయరుకి చూడ్డానికి ఏం మిగలదు. ఇంత చిన్నదానికి మామూలుగా ఎఫ్‌ఐఆర్ అడగరు. జరిగింది జరిగినట్టే రాయండి. ఇంకోటి, పిల్లాడి తండ్రి దగ్గర డబ్బు తీసుకుని "ఇక బాకీ లేదు" అని రాసిచ్చేసి, తర్వాత కంపెనీ దగ్గరికి వెళ్లకండి. మీకు డబ్బిచ్చాక అవతలివాళ్ల దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీకి వస్తుంది. దాన్ని మీరే ముందు చెరిపేసినట్టవుతుంది.

వన్‌టౌన్, విజయవాడ:
మధ్యలో అడుగుతున్నా, క్షమించాలి. వాటర్ క్యాన్లు వేసే మనిషి సైకిల్ నా స్కూటీ మీద పడింది. అతని ఓనర్ని అడగొచ్చా?

అరండల్‌పేట లాయరు:
జీతానికి క్యాన్లు వేస్తూ, ఆ పని మీద ఉండగా జరిగితే ఓనరూ బాధ్యుడే. పని అయిపోయి ఇంటికి పోతూ పడేస్తే కాదు.

ఆటోనగర్ పెయింటరు, విజయవాడ:
అన్నా, ఫొటోలు చూశా. ఆ వెనక డోరు మీద నల్లగా ఉన్నది గీత కాదు, హ్యాండిల్ గ్రిప్పు రబ్బరు అంటుకుంది. గోరుతో గీరి చూడు. గోరు గాడిలో పడితే పెయింటు, జారిపోతే కాంపౌండు కొట్టి పాలిష్ చేస్తే పోద్ది. మిర్రరు మోటారు తిరుగుతోందా? తిరిగితే మొత్తం అసెంబ్లీ మార్చక్కర్లా, కవరూ గ్లాసూ విడిగా దొరుకుతాయి. రెండూ కలిపి 1,300. ముందు డోరు సొట్ట తీసి పెయింటు 2,600. వెనక డోరు పాలిష్ 500. పొద్దున తెస్తే సాయంత్రానికి ఇస్తా.

బ్రాడీపేట వాసి:
గోరు జారిపోతోంది అన్నా! మోటారు కూడా తిరుగుతోంది. 4,400లో అయిపోతుందంటే వేరే సంగతి. బెంజ్ సర్కిల్‌లో పనుంది, గురువారం వస్తా. లాయరుగారూ, ఇందులో సగం అడుగుదామనుకుంటున్నా. కాగితం ఎలా రాసుకోవాలి? స్టాంపు పేపరు కావాలా? పిల్లాడి సంతకం కూడా పెట్టించాలా?

అరండల్‌పేట లాయరు:
పిల్లాడి సంతకం వద్దు. మైనరు చేసుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు. తండ్రి తన పేరు మీద తాను ఇస్తానని రాయాలి. తెల్లకాగితం చాలు, రెండు ప్రతులు, ఇద్దరు సాక్షులు. ఇలా రాయండి:

"ఫలానా తేదీన బ్రాడీపేటలో నా కుమారుడి సైకిల్ తగిలి మీ ఫలానా నంబరు కారుకు జరిగిన నష్టానికి గాను రూ. 2,200 ఇవ్వడానికి ఇద్దరమూ ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నాము. ఇందులో రూ. ... ఇప్పుడే ముట్టినది. మిగిలినది ... తేదీలోపు ఇవ్వగలను. అది కూడా ముట్టిన తర్వాత ఈ విషయమై ఇరువురికీ ఒకరిపై ఒకరికి ఎలాంటి క్లెయిములూ ఉండవు."

ఆ చివరి వాక్యం మీకూ అవసరమే. పిల్లాడి మోచెయ్యి దోక్కుపోయిందన్నారు కదా. డబ్బు ఫోన్‌పేలో తీసుకుంటే రికార్డు ఉంటుంది.

ఒప్పుకుని తర్వాత మొండికేస్తే జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (కేసు వెయ్యకముందే పెట్టే) అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు లేదు. వాళ్లే అవతలివాళ్లకి నోటీసు పంపి లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అవతలివాళ్లు ఒప్పుకోకపోతే మాత్రం అక్కడితో ఆగుతుంది. హెల్ప్‌లైన్ 15100.

నగరాలు, గుంటూరు:
బండి నడుస్తుండగా సైకిల్ వచ్చి గుద్ది, అతనికే దెబ్బలు తగిలితే?

పటమట, రిటైర్డ్ సర్వేయరు:
అప్పుడు సొట్ట మాట మరిచిపోండి. ముందు అతన్ని దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చాలి, పోలీసులకి చెప్పాలి, కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. తప్పు ఎవరిదైనా సరే, ఇది చట్టం మీమీద పెట్టిన బాధ్యత. మీ థర్డ్ పార్టీ పాలసీ పనికొచ్చేది అలాంటప్పుడే.

బ్రాడీపేట వాసి:
అప్‌డేట్. నిన్న రాత్రి వాళ్లింటికి నేనే వెళ్లాను. ఆయన 2,200కి ఒప్పుకున్నాడు, 700 అప్పుడే ఇచ్చాడు, మిగతాది యార్డు తెరిచిన వారానికి. కాగితం మీరు చెప్పినట్టే రాసుకున్నాం. వాళ్లావిడ ఆ సైకిల్‌కి వెనక బ్రేకు ఆర్నెల్ల నుంచి లేదని మొగుడి మీద విరుచుకుపడింది, నేను మధ్యలో కూర్చుని టీ తాగాను. ఈ ముక్క మొదటి రోజే తెలిసుంటే తండ్రి నిర్లక్ష్యం అని వాదించేవాడినేమో. ఇప్పుడు అనలేదు లెండి.

ఆటోనగర్ పెయింటరు, విజయవాడ:
అన్నా, రంగు ఎలా ఉంది?

బ్రాడీపేట వాసి:
షేడు కలిసింది. మిట్టమధ్యాహ్నం ఎండలో పక్కనుంచి చూస్తే తప్ప తెలియట్లేదు. ఎదురింటివాళ్ల ఇటుకలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి, కారు వెనకవీధిలో పెడుతున్నా.