రెండో ఏడు ఆర్‌ఏ పని: మనసు లేకపోతే మానేయడమే మంచిదా?

మూడోఅంతస్తు:
అమెరికాలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఫ్రెషర్ల హాస్టల్లో రెసిడెంట్ అసిస్టెంట్‌గా ఇది నాకు రెండో ఏడు. తెలియనివాళ్ల కోసం: ఆర్‌ఏ అంటే కొత్త పిల్లలతో పాటు అదే అంతస్తులో ఉండే సీనియర్ స్టూడెంట్. మా దగ్గర గది, భోజనం ఉచితం. బదులుగా రాత్రి డ్యూటీ, రౌండ్లు, రూమ్మేట్ల తగాదాలు, తాళంచెవి లోపల మర్చిపోయి వచ్చినవాళ్లకి తలుపు తీయడం. మా నాన్న మాత్రం ఊళ్లో "మావాడు అక్కడ వార్డెన్" అని చెప్పుకుంటున్నారు.

నిరుడు ఆగస్టులో 36 మందికి తలుపు మీద అంటించే పేరు కార్డులు మామిడాకుల్లా కత్తిరించాను. వేళ్లు బొబ్బలెక్కినా సరదాగానే ఉండింది. ఈసారి కత్తెర పట్టుకుంటేనే నీరసం. సగం మందికి ఇప్పటికీ కార్డుల్లేవు. ట్రైనింగ్‌లో కొత్త ఆర్‌ఏల చేత తలుపు కొట్టించే నాటకం ఒకటుంటుంది. నిరుడు బయట నిలబడి వణికింది నేను, ఈసారి లోపల తాగినవాడి వేషం నాది. డైలాగులు కూడా అవే! సెప్టెంబరుకే విసుగొచ్చేసింది. ఇలా మొక్కుబడిగా చేసే కన్నా డిసెంబరులో తప్పుకోవడం న్యాయం కదా?

పాతకాపు:
తమ్ముడూ, నేను మూడేళ్లు చేశాను. ఇది ఉద్యోగం. డ్యూటీ రోజు ఫోన్ ఎత్తు, రౌండ్ వెయ్యి, రిపోర్ట్ రాయి. అంతే. ఉత్సాహంగా ఉండాలని కాంట్రాక్టులో ఎక్కడా లేదు. "ఇది సేవ, మనసు పెట్టాలి" అంటూనే రాత్రి రెండింటికి లేపుతారు. మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హర్స్ట్‌లో ఆర్‌ఏలు 2002లోనే యూనియన్‌కి ఓటేశారు. 2022లో వెస్లియన్ యూనివర్సిటీ తన ఆర్‌ఏల యూనియన్‌ని గుర్తించింది. వాళ్లు మోటివేషన్ క్లాసులు అడగలేదు, పనిని పనిగా లెక్కకట్టమన్నారు.

రాత్రిరౌండు:
అన్నా, యూనియన్ మాట ఒప్పుకుంటాను. ఆ "అంతే" అన్నారు చూడండి, అదే ఒప్పుకోను. (ఆడపిల్లవి, అర్ధరాత్రి రౌండ్లేమిటని మా అమ్మ తిట్టినా రెండో ఏడూ చేస్తున్నాను.) నిరుడు అక్టోబరులో ఒకమ్మాయి వచ్చి ప్రింటర్‌లో కాగితం ఎక్కడ పెట్టాలని అడిగింది. చెప్పాను. వెళ్లదే! గుమ్మంలోనే నిలబడి నా మ్యాగీ గిన్నె వంక చూస్తోంది. "తింటావా?" అన్నాను. కూర్చుని ఏడ్చేసింది. మెస్‌కి ఒంటరిగా వెళ్లడానికి మొహమాటపడి మూడు వారాలుగా గదిలో చిప్స్ తింటోందట. రౌండ్ వేసి రిపోర్ట్ రాసినంత మాత్రాన ఇది తెలిసేది కాదు. మనకి ఇది రెండో ఏడు, ఆ పిల్లలకి మొదటిదే. మనసు లేకపోతే తప్పుకోవాలి.

ఎఫ్‌వన్‌జీవి:
తప్పుకోమనడం తేలికే అక్కా, గది ఎవరిస్తారు? మాలాంటి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లు సెమిస్టర్ జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచేయకూడదు. మా కాలేజీలో ఆర్‌ఏ పనిని కూడా ఆ 20లోనే లెక్కేస్తారు. అనుమతి లేకుండా బయట పనిచేస్తే వీసాకే ఎసరు. డిసెంబరులో మానేస్తే జనవరిలో అద్దె, డిపాజిట్ ఒకేసారి మీద పడతాయి. ఇంట్లో అప్పుచేసి పంపినవాడు ముందు దాని గురించే టెన్షన్ పడతాడు.

రాత్రిరౌండు:
నిజమే, డబ్బు సంగతి నాకు తట్టలేదు. మా ఇల్లు ఇక్కడికి గంట దూరమే. కానీ ఆ అప్పు సంగతి గుమ్మంలో నిలబడ్డ పిల్లకి తెలియదు కదా.

పాతకాపు:
ఆ అమ్మాయి లోపలికి వచ్చింది నీ ఉత్సాహం చూసి కాదమ్మా, నీ తలుపు తెరిచి ఉంది కాబట్టి. విసుగ్గా ఉన్న రోజున కూడా తలుపు తెరిచి కూర్చోవచ్చు.

తమ్ముడూ, రెండో ఏడు విసుగంతా ఎక్కువగా ఈ కత్తెర పనుల దగ్గరే. బులెటిన్ బోర్డు కొత్త ఆర్‌ఏకి ఇచ్చెయ్, వాళ్లకి అది ఇంకా ముచ్చటే. బదులుగా వాళ్లు భయపడే రూమ్మేట్ పంచాయితీల్లో పక్కన కూర్చో. నేను అలాగే గట్టెక్కాను. ఇంకో మాట. ఎవరైనా ప్రాణం తీసుకుంటారేమోనని అనుమానం వస్తే ఒక్కడివే మోయకు, వెంటనే ఆన్‌కాల్ స్టాఫ్‌కి ఫోన్ చెయ్యి. మొదటి ఏడు నేను మోశాను. ఆ సెమిస్టర్ రెండు సబ్జెక్టులు పోయాయి.

రాత్రిరౌండు:
తలుపు తెరిచి ఉంచడాన్నే నేను మనసు అంటున్నాను. మీరు పేరు మార్చారు, అంతే!

మూడోఅంతస్తు:
నేనూ ఎఫ్-1నే, అందుకే ఇంత ఊగిసలాట. నిన్న మా రెసిడెంట్ డైరెక్టర్ దగ్గరికెళ్లి సీనియర్ల అపార్ట్‌మెంట్లకి మార్చమని అడిగాను. జనవరికి ఖాళీ వస్తే చూస్తానన్నారు. అప్పటిదాకా ఇక్కడే. మామిడాకులు మాత్రం ఆపేశాను. తెల్ల అట్టముక్కలు, స్కెచ్ పెన్నులు నా గుమ్మం ముందు పెట్టి ఎవరి పేరు వాళ్లనే రాసుకోమన్నాను. 318 వాడు పేరు రాయకుండా "నో వేకెన్సీ" అని రాసి అంటించుకున్నాడు.