మందు లేని జబ్బుకు ముందే జన్యు పరీక్ష చేయించాలా? (ప్రియాన్ వ్యాధులపై చర్చ)

కడప సభ్యుడు (చర్చ ప్రారంభించినవారు):
మా దగ్గరి బంధువుకు నిరుడు తూలుడు, మతిమరుపు మొదలై, నాలుగు నెలల్లోనే మాటా నడకా పోయి, ఆయన కన్నుమూశారు. బెంగళూరు వైద్యులు దానిని క్రాయిట్జ్‌ఫెల్ట్-జేకబ్ అనే ప్రియాన్ వ్యాధిగా నిర్ధారించి, మెదడులోని ఒక ప్రోటీన్‌ను తయారుచేసే పీఆర్ఎన్‌పీ జన్యువులో మార్పు ఉందని చెప్పారు. ముగ్గురు పిల్లల్లో ఒక్కొక్కరికీ అది సంక్రమించి ఉండే అవకాశం సగానికి సగం. పిల్లలకు పరీక్ష వద్దని నా వాదన, తెలిస్తే కుంగిపోతారు. క్వినాక్రిన్, డాక్సీసైక్లిన్ అనే మందులు రెండూ రోగుల ఆయుష్షును పెంచలేకపోయాయి. పైగా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు.

అనంతపురం సభ్యుడు (జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు):
అయ్యా, ఆ రెండు మందులతోనే పరిశోధన ఆగిపోలేదు. పాలలో చెంచాడు తోడు వేస్తే కుండంతా పెరుగైనట్లు, వంకర తిరిగిన ఒక ప్రోటీన్ మెదడులోని మామూలు ప్రోటీన్‌ను తన రూపంలోకి మార్చుకుంటూ పోవడమే ఈ జబ్బు. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్ 1982లో దానికి ప్రియాన్ అని పేరు పెట్టినప్పుడు నమ్మినవారు కొద్దిమందే. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ తోడుకునే గుణాన్నే ఆర్‌టీ-క్విక్ పరీక్ష వాడుకుంటుంది: రోగి వెన్ను నుంచి తీసిన నీటిని ప్రయోగశాలలో తయారుచేసిన మామూలు ప్రోటీన్‌తో కలిపి కుదుపుతారు, ప్రియాన్ ఉంటే అది పోగులు కట్టి, అందులోని రంగు మెరుస్తుంది. చికిత్సలో ఇప్పుడు ఆశ పెట్టుకున్నది ఆ పాలనే, అంటే మామూలు ప్రోటీన్‌నే, తగ్గించడం మీద. ఆ ప్రోటీన్ అసలే లేకుండా పుట్టించిన ఎలుకలకు ప్రియాన్ ఎక్కించినా జబ్బు రాలేదు. దాని తయారీని తగ్గించే అయాన్717 అనే మందును ఇప్పుడు రోగుల మీద పరీక్షిస్తున్నారు. మెదడు పాడయ్యాక కన్నా ముందే ఇస్తే మేలు ఎక్కువ ఉంటుందన్నది ఎలుకల మీద కనిపించిన సంగతి. అమెరికాలో సోనియా వల్లభ్ 2010లో తల్లిని ఇలాంటి మరో వంశపారంపర్య ప్రియాన్ జబ్బుకు పోగొట్టుకుని, తనకూ ఆ జబ్బు తెచ్చే జన్యు మార్పు ఉందని పరీక్షలో తెలుసుకుని, న్యాయవాద వృత్తి వదిలి భర్తతో కలిసి ఈ పరిశోధనలోకే వచ్చారు. తెలుసుకోవడం వల్ల అంతా కుంగిపోతారనడం సరికాదు.

కర్నూలు సభ్యురాలు (స్టాఫ్ నర్సు):
ఇద్దరూ రెండు వేర్వేరు పరీక్షలను కలిపేస్తున్నారు. జబ్బు పడిన మనిషికి చేసే పరీక్ష తప్పనిసరి. ఇలాగే కనిపించే, స్టెరాయిడ్లతో నయమయ్యే మెదడు వాపులు కొన్ని ఉన్నాయి, వాటిని వదిలేస్తే పాపం. మామూలు స్టెరిలైజేషన్‌కు ప్రియాన్ చావదు గనుక ఆపరేషన్ పనిముట్ల సంగతీ చూసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవారికి చేసే జన్యు పరీక్ష వేరు. అధ్యాపకులవారు చెప్పిన వల్లభ్ గారు స్వయంగా కోరి చేయించుకున్నారు, ఇంటి పెద్దలు తీసుకెళ్లి చేయించలేదు. ఇంకో మాట, పీఆర్ఎన్‌పీలో ఏ మార్పో చెప్పలేదు. కొన్ని మార్పులు ఉన్నవారిలో చాలామందికి జీవితాంతం జబ్బు రాదు, కొన్నింటిలో దాదాపు తప్పదు.

కడప సభ్యుడు:
నివేదికలో ఈ200కే అనే మార్పు అని ఉంది.

అనంతపురం సభ్యుడు:
అది తేలికైనది కాదు. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. జన్యు సలహాదారుతో మాట్లాడకుండా రక్తం ఇవ్వవద్దు. ఈ విషయంలో నర్సమ్మ గారితో ఏకీభవిస్తున్నాను. సంబంధాల సంగతి మాత్రం పరీక్ష వద్దనడానికి కారణం కాదు. ఫలితం ఎవరికి చెప్పాలన్నది చేయించుకున్నవారి ఇష్టం.

కర్నూలు సభ్యురాలు:
పెద్దమ్మాయి వయసెంత? ఆమె ఏమంటోంది?

కడప సభ్యుడు:
ఇరవై నాలుగు. నాన్నది మెదడు జ్వరం అని మాత్రమే ఆమెకు చెప్పాము.