సమస్య: మూడు విత్త సున్న మొలిచి వచ్చె

నిర్వాహకుడు
ఈసారి సమస్యాపూరణం బీజగణితంలో. కింది పాదం చివర వచ్చేలా ఆటవెలది పూర్తి చేయాలి. పాదం తట్టగానే నవ్వొచ్చింది, అందుకే పెట్టేస్తున్నాను.

*మూడు విత్త సున్న మొలిచి వచ్చె*

ప్రమేయానికి (ఫంక్షన్) ప్ర, చరరాశికి (వేరియబుల్) చ అని రాద్దాం. ప్ర(చ) అంటే ‘ప్ర ఇంటూ చ’ అనుకొని ఎవరైనా గుణకారం చేస్తే ఆ పూరణ తీసేస్తాను. చ స్థానంలో ఏది వేస్తే ఏది వస్తుందో చెప్పే నియమం పేరు ప్ర, అంతే. పద్యం కింద లెక్క కూడా వేయండి. యతి ఎంత ముద్దుగా కుదిరినా సున్న రాకపోతే లాభం లేదు.

శరవేగం
*చరపు వర్గమందు శరచరములఁ దీసి*
*రసముఁ గూర్చినట్టి రాశి యొకటి*
*దానఁ జరములున్న తావుల నన్నింట*
*మూడు విత్త సున్న మొలిచి వచ్చె*

శరములు 5, రసములు 6. ప్ర(చ) = చ² − 5చ + 6. ప్ర(3) = (3)² − 5(3) + 6 = 9 − 15 + 6 = 0.

గురులఘువు
శరవేగంగారూ, ‘తావుల నన్నింట’ దగ్గర ఆగి రెండోసారి చదివాను. పిల్లలు తప్పేది సరిగ్గా అక్కడే. మొదటి చ తీసి 3 వేస్తారు, రెండోదాన్ని అలాగే వదిలేస్తారు. 9 − 5చ + 6, అంటే 15 − 5చ మిగులుతుంది. అది విలువ కాదు, ఇంకో ప్రమేయం. మూడు వేశాక చ ఒక్కటి కూడా కనబడకూడదు.

అయితే మీ పొలంలో రెండు విత్తినా సున్నే మొలుస్తుంది: 4 − 10 + 6. మూడుకి ప్రత్యేకత ఏం మిగిలింది?

శరవేగం
మూడు వేస్తే సున్న రావాలన్నారు గాని మూడుకే రావాలని సమస్యలో ఎక్కడుంది? వర్గ బహుపదికి రెండు శూన్యాలుంటే, అంటే సున్న తెచ్చే విలువలు రెండుంటే, అది కవి తప్పా? (చ − 2)(చ − 3) అని విడగొట్టుకోండి, కోపం తగ్గుతుంది.

ఎక్కాలరాణి
*రెండు చరము లనఁగ రెట్టింపని యెంచి*
*ఆరు నుండి దాని నపహరింప*
*ఇరువదియును మూడు నెన్నక యారౌట*
*మూడు విత్త సున్న మొలిచి వచ్చె*

ప్ర(చ) = 6 − 2చ. చ = 3 అయితే 2చ అంటే 2 × 3, ఆరు. రెండు పక్కన మూడు అతికించి 23 చేసి, జవాబు −17 అని తెచ్చేవాళ్ల కోసం మూడో పాదం.

గురులఘువు
రాణిగారూ, భావం దొడ్డది. కాని మొదటి పాదం చివర ‘రెట్టింప | నియెంచి’ చూడండి. లగల (లఘువు, గురువు, లఘువు); అక్కడ రావలసిన ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. ఒక్క లఘువు ఎగిరిపోయింది. ‘రెట్టింపె యని యెంచి’ అంటే ‘యనియెంచి’ సలమనే ఇంద్రగణమై కూర్చుంటుంది, పైగా ‘రెట్టింపే సుమా’ అన్న నొక్కు కూడా వస్తుంది.

చ వేసిన చోట బ్రాకెట్టు పెట్టే అలవాటుంటే 23 పుట్టదు. 6 − 2( ) అని ఖాళీ బ్రాకెట్టు ముందు రాసుకొని, ఆ తర్వాత లోపల 3 పెట్టాలి.

శరవేగం
బ్రాకెట్ల గురించి గురులఘువుగారు చెప్పడం! పోయినసారి *ఋణము వర్గమైన ఋణమె మిగులు* సమస్యకు తమరి మూడో పాదం అందరికీ గుర్తుంది:

*ఋణపు మూడుఁ దెచ్చి ఋజువుగా వర్గింప*

ఋణ మూడును వర్గం చేస్తే (−3)² = 9. ధనమే. సమస్య అక్కడే కూలింది, అయినా మెప్పులు కురిశాయి.

గురులఘువు
నేననుకున్నది −3².

శరవేగం
అనుకున్నది వేరు, అన్నది వేరు. పద్యంలో బ్రాకెట్లుండవు, మాటల వరుసే బ్రాకెట్టు. ముందు ఋణ మూడును తెచ్చి తర్వాత వర్గించారు కనుక గుర్తు కూడా వర్గంలోకి వెళ్లింది. −9 కావాలంటే ఇలా ఉండాలి:

*మూడు వర్గమునకు ముందున్న ఋణగుర్తు*

ప్రతిక్షేపణలోనూ, అంటే చ స్థానంలో విలువ వేయడంలోనూ, ఇదే గోల. చ² లో చ = −3 వేసేటప్పుడు బ్రాకెట్టు లేకుండా −3² అని దించితే ఘాతం ముందు పనిచేసి −9 చేతిలో పెడుతుంది. యంత్రాలు కూడా ఒక్క మాట మీద లేవు. −3 వర్గాన్ని బ్రాకెట్టు లేకుండా కొడితే పైథాన్ −9 అంటుంది, ఎక్సెల్ 9 అంటుంది.

లవహారి
మీ పాత బాకీలు తేలేలోపు నాదొకటి:

*చరము నుండి మూడు సడలించి హారాన*
*ఒకటి పైన నుంచ నొప్పు గాని*
*గీత క్రింది తావు కీడయ్యె నయ్యయ్యొ*
*మూడు విత్త సున్న మొలిచి వచ్చె*

ప్ర(చ) = 1/(చ − 3).

నిర్వాహకుడు
ఓహో! సున్న జవాబుగా కాదు, హారంలో మొలిచింది! ఈ విరుపు నేను ఊహించలేదు.

ఎక్కాలరాణి
బాగుంది. కాని ‘గీత క్రింది’లో ‘క్రి’ ముందున్న ‘త’ గురువు కాదూ?

నిర్వాహకుడు
కాదు. రెండూ విడి తెలుగు మాటలు, సమాసం లేదు. ‘త’ లఘువుగానే ఉంటుంది. అనుమానం తీరకపోతే ‘గీత కింది’ అనండి.

శరవేగం
ఏం చేసినా ఇక్కడ ప్ర(3) = 0 కాదు కదా?

లవహారి
కాదు. ప్ర(3)కి విలువే లేదు, 3 ఈ ప్రమేయపు ప్రదేశంలోనే, అంటే చ స్థానంలో వేయదగిన విలువల్లోనే, లేదు. మూడు వేశాక లెక్క ఎందుకు ఆగిపోయిందో చెప్పేది ఆ కింది సున్నే. పైన ఒకటి బదులు చ² − 9 ఉంటే ఇంకో బోను. కొట్టేసి చ + 3 చేసి, 6 అని సంబరపడతారు. ఆ కొట్టివేత చ ≠ 3 అయినప్పుడే చెల్లుతుంది. అందుకే ఇచ్చిన రూపంలోనే ముందు విలువ వేసి చూడాలి, సూక్ష్మీకరణ తర్వాత.

ఎక్కాలరాణి
శరవేగంగారి బహుపదిలో చ బదులు చ + 3 విత్తి చూశారా ఎవరైనా?
ప్ర(చ + 3) = (చ + 3)² − 5(చ + 3) + 6 = చ² + 6చ + 9 − 5చ − 15 + 6 = చ² + చ.
ఇప్పుడు సున్న వేస్తే సున్న. ‘−5(చ + 3)’లో బ్రాకెట్టు మరిస్తే −15 బదులు +3 వచ్చి, చివర 18 అదనంగా వేలాడుతుంది. ఇక ప్ర(చ) + 3 అంటే చ² − 5చ + 9, దీనికీ దానికీ పొత్తు లేదు.

శరవేగం
నా చేను మీరు దున్నారు. పద్యంలో పెట్టండి మరి.

నిర్వాహకుడు
నా ఓటు లవహారిగారికి, ‘నయ్యయ్యొ’ తీసేస్తే. అది ఉత్త పాదపూరణం. ఋణ మూడు తగువు పాత సమస్య కిందికి తీసుకెళ్లండి.

గురులఘువు
తగువు తర్వాత. లవహారిగారూ, ఇది తీసుకోండి:

*గీత కింది తావు కీడయ్యె విలువకు*

‘విలువకు’ నలం, అదీ ఇంద్రగణమే. కీడు ఎవరికో కూడా తేలింది.

లవహారి
తీసుకున్నాను. శరవేగంగారు దీన్లో బ్రాకెట్టు ఎక్కడ తగ్గిందో చూసి చెబుతారు.